విప్పే ముందు గీత

మొన్న శనివారం మధ్యాహ్నం ఆఫీసు కింద బండ్లు నిలిపే చోట పచ్చి పెట్రోలు వాసన తగిలింది. మండిన పెట్రోలు వాసన వేరు, మండకుండా బయటపడ్డ పెట్రోలు వాసన వేరు. మొదటిది రోడ్డు మీద ఎవరికైనా దొరుకుతుంది. రెండోది, బండి కదలక ఎవరో నానా అవస్థ పడుతున్న చోట మాత్రమే ఉంటుంది. ఎవరిదో పాత కారు. స్టార్టరు తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. మెట్ల మీద ఆగి ఆ వాసన పీల్చగానే నాకొక మహాగాథ రాయాలనిపించింది. అందులో నిప్పు ఉంటుంది, ఉరుము ఉంటుంది, ఒక వీరనారి, ఆమె రథం, తెల్లవారేసరికి గమ్యం చేర్చవలసిన ఒక నిండు ప్రాణం ఉంటాయి. ఆ సాయంత్రం కూర్చుని అదే ఊపులో రెండు పేజీలు రాశాను కూడా. చదువుకుని చూస్తే అందులో నిజంగా ఉన్నవి ఒక అంబాసిడర్ కారు, ఐదు వైర్లు, ఒక నర్సమ్మ, నా కుడిచేతి బొటనవేలు. మహాగాథ కోసం వచ్చినవారు ఇక్కడే దిగిపోవచ్చు. తక్కినవారు సర్దుకుని కూర్చోండి. సీటు స్ప్రింగులు కాస్త గుచ్చుకుంటాయి.

రెండేళ్ళ కిందటి మాట. నేను తణుకు నుంచి ఈ ఊరొచ్చి అప్పటికి మూడు నెలలు. మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలు ఉన్నచోట నాలుగంకెలు పెట్టడం నా పని. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ రెండు సున్నాలు చూసి స్పృహ తప్పుతాయని లోకానికి భయం. ఆ భయం మీద బతికేవాళ్ళలో నేనొకణ్ణి. ఎటు చూసినా బండరాళ్ళు, వాటి మధ్య అప్పుడే లేస్తున్న అద్దాల మేడలు. మేము లోపల, రాళ్ళు బయట; ఎవరు ఎవరిని చూసి జాలిపడుతున్నారో తెలిసేది కాదు. హఫీజ్‌పేట్ స్టేషను వెనక వీధిలో మేడమీద ఒక్క గది కిరాయికి తీసుకున్నాను. ఆఫీసులో అందరూ ఇంగ్లీషులో పలకరించుకుని ఎవరి తెరవైపు వాళ్ళు తిరిగిపోయేవారు. ఆదివారాలు మరీ కష్టం. ఒక ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నాతో మాట్లాడిన మనిషి పాలతను ఒక్కడే. అతనన్న మాట "గిన్నె". నేను మాత్రం రోజంతా జోకులు వేస్తూనే ఉన్నాను. గోడకు, దోమతెరకు, ఇస్త్రీపెట్టెకు. వాటిలో ఇస్త్రీపెట్టె ఒక్కటే కాస్త వేడెక్కేది.

అలాంటి మరో ఆదివారం ఉదయం పిట్టగోడ మీద మోచేతులు ఆనించి కిందికి చూస్తున్నాను. కింది వాటాలో ఇంటి ఓనరు సలోమి సిస్టర్ ఒక్కరే ఉండేవారు. మెదక్ వైపు మనిషి, సర్కారు దవాఖానలో నర్సు, వయసు యాభై దాటింది. నెలనెలా కిరాయి ఇచ్చేటప్పుడు తప్ప ఆవిడతో నాకు మాటల్లేవు. రేకుల షెడ్డు కింద ఆవిడ పాత అంబాసిడర్ బానెట్ ఎత్తి ఉంది. ఆవిడ కొంగు నడుముకు దోపి, బంపరు మధ్య రంధ్రంలో దూర్చిన ఇనుప హ్యాండిలును మెల్లగా తిప్పుతున్నారు. ఉన్నట్టుండి టప్పుమని చప్పుడైంది. ఇంజనులోంచి ఒక కాగితం ఉండ ఎగిరి, పైన రేకుకు తగిలి, తిరిగి ఆవిడ నెత్తిన పడింది.

"సిస్టర్, మీ కారు ఉత్తరాలు కూడా రాస్తుందాండీ?" అన్నాను పైనుంచి.

ఆవిడ తలెత్తలేదు. ఉండను తీసి మళ్ళీ గట్టిగా చుడుతూ, "ఏం కంప్యూటర్ సారూ, ఖాళీగ ఉన్నవా?" అన్నారు.

"ఆదివారం కదండీ, ఖాళీయే. సోమవారం కూడా ఖాళీయే, కాకపోతే టై కట్టుకుంటాను."

"బొటనవేలున్నదా?"

"రెండున్నాయండి."

"ఒకటి సాలు. దిగిరా."

అలా మొదలైంది నా విద్యాభ్యాసం. ఇంజనులో నాలుగు సిలిండర్లు ఉంటాయి. ఒక్కొక్కదానికి దాని వంతు వచ్చినప్పుడు నిప్పురవ్వ అందించే పంపిణీదారు పేరు డిస్ట్రిబ్యూటరు. రేషను డీలరు లాంటిదే, కాకపోతే సరుకు రాలేదని చెప్పి షట్టరు దించదు. పిడికిలి కంటే కాస్త పెద్దది, నెత్తిన నల్లటి టోపీ, టోపీలోంచి ఐదు వైర్లు. ఒకటి కరెంటు తెచ్చేది, నాలుగు పంచేవి. టోపీ కింద చిన్న చేయి ఒకటి గిర్రున తిరుగుతూ నాలుగు దిక్కులకూ రవ్వ చూపిస్తుంది. ఏ క్షణాన ఎవరికి చూపించాలన్నదే అసలు సంగతి. ఆ క్షణాన్ని సరిచేయడాన్నే టైమింగు పెట్టడం అంటారు.

"జర మంచిగ విను," అన్నారు సిస్టర్, కొత్తగా డ్యూటీలో చేరిన నర్సుకు చెప్పినట్టు. "నంబర్ వన్ పిస్టన్ రెండుసార్లు పైకొస్తది. ఒకసారి గాలిని నొక్కుకుంట వస్తది. ఇంకోసారి కాలిన పొగను బయటికి నూక్కుంట వస్తది. పైనుంచి చూస్తే రెండూ ఒక్కతీరుగనే ఉంటయ్. ముందట గీ చక్రం మీది గీత గూడ రెండుసార్లూ ఇంజను మీది గుర్తుతోని కలుస్తది. నిప్పు పెట్టాల్సింది మాత్రం మొదటిదానికే."

"ఏది మొదటిదో ఎలా తెలుస్తుందండీ?"

"అడగాలె. వేలు పెట్టి అడుగు."

ప్లగ్గు విప్పిన రంధ్రం మీద నా బొటనవేలు పెట్టించి ఆవిడ ముందుకెళ్ళి హ్యాండిలు తిప్పారు. మొదటిసారి ఏమీ తెలియలేదు. రెండోసారి లోపలినుంచి ఎవరో తలుపు తోసినట్టు గాలి నా వేలిని పైకి నెట్టింది.

"వస్తోందండి! నన్ను పొమ్మంటోంది!"

"గదే. గది అసలుది. పో అన్నప్పుడే నిప్పు పెట్టాలె."

"మరి ఇందాకటి ఆ కాగితం ఎందుకండీ?"

"హ్యాండిల్ ఈడ, వేలు ఆడ. ఒక్కదాన్ని, ఎన్ని చేతులుంటయ్ నాకు? కాగితం కుక్కి తిప్పుతె అదే ఎగిరి చెప్తది."

ఎంత మామూలుగా అన్నారంటే, అందులో వినవలసింది ఏదైనా ఉందని నాకు తట్టలేదు. ఇద్దరు చేయవలసిన పనిని ఒక మనిషి పాత పేపరు ముక్కతో కలిసి చేసుకుంటూ వస్తోంది. నాకు ఇస్త్రీపెట్టె ఎలాగో ఆవిడకు కాగితం అలాగ. ఆవేళ నుంచి ఆవిడకు కాగితం అవసరం పోయింది. నాకు ఆదివారం ఉదయాలు గడిచాయి.

ఆవిడ ఇంజను దగ్గర కూడా నర్సే. ముట్టుకునే ముందు చేతులు మోచేతుల దాకా కడుక్కునేవారు, ముట్టుకున్నాక కడుక్కోవడం లోకాచారమని నేను చెప్పినా వినకుండా. టోపీ మీద ఒక్కొక్క వైరు పక్కన ఒక్కొక్క తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, పురిటి వార్డులో పిల్లల చేతికి కట్టినట్టు నంబర్లు వేసేవారు. ఇంజను నడుస్తుంటే స్టెతస్కోపు చెవులకు పెట్టుకుని, దాని బిళ్ళను ఇనుము మీద ఆనించి, కళ్ళు మూసుకుని వినేవారు. ఒకసారి నేను కారు బానెటుకు దుప్పటి కప్పి ముందు రెండు అరటిపళ్ళు పెట్టాను. రోగికి పళ్ళు తేవద్దా అని. ఆవిడ వాటిని తిని తొక్కలు నా చేతిలో పెట్టారు.

ఆవిడ నియమాలు రెండే. హ్యాండిలు పట్టేటప్పుడు బొటనవేలు దాని చుట్టూ బిగించకూడదు. ఇంజను వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది. డిస్ట్రిబ్యూటరును విప్పే ముందు దాని ఒంటిమీదినుంచి ఇంజను మీదికి మేకుతో ఒక గీత గీయాలి. మళ్ళీ పెట్టేటప్పుడు ఆ రెండు సగాలూ కలవాలి. "గీత లేకుంట స్పానర్ ముట్టుకోకు," అనేవారు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం గొంతు వార్డులో పెద్ద నర్సు గొంతయ్యేది. నేను సరేననేవాణ్ణి. నాకు అది కొత్త కూడా కాదు. ఆఫీసులో ఏ ప్రోగ్రాములోనైనా ఒక్క అక్షరం మార్చాలన్నా ముందు పాతదానికి నకలు తీసి పెట్టుకుంటాం. నకలు తీయకుండా ముట్టుకున్నవాణ్ణి మా దగ్గర అంటురోగం ఉన్నవాణ్ణి చూసినట్టు చూస్తారు.

ఆ కారు ఊరికే షెడ్డు కింద ఉండేది కాదు. మంగళవారం, శుక్రవారం ఉదయం ఆరింటికి పక్కింటి విశ్వనాథం మాస్టారిని ఎక్కించుకుని సిటీలోని ఒక ఆసుపత్రికి వెళ్ళేది. మాస్టారిది తెనాలి. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆయన మూత్రపిండాలు కూడా రిటైరయ్యాయి. వారానికి రెండుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఆ వేళప్పుడు మా వీధికి ఆటో వచ్చేది కాదు. బస్సు మెట్లు ఎక్కే స్థితి ఆయనకు లేదు. సిస్టర్ ఆయన్ని దించి అటునుంచే డ్యూటీకి వెళ్ళి, మధ్యాహ్నం తీసుకొచ్చేవారు. ఎందుకు తీసుకెళ్తున్నారని నేను అడగలేదు. ఆవిడ నర్సు, ఆయన రోగి, అంతేననుకున్నాను.

శుక్రవారాలు నేనూ వెనక సీట్లో ఎక్కేవాణ్ణి, ఆసుపత్రి మెట్ల దగ్గర ఆయనకు భుజం ఇవ్వడానికి.

"ఏవమ్మా సిస్టరూ, ఇవాళ మీ గుర్రం నాలుగు కాళ్ళ మీద పోతోందా, మూడింటి మీదా?" అనేవారు మాస్టారు, ఒళ్ళో ఆసుపత్రి ఫైలు పెట్టుకుని.

"నాలుగు, మాస్టరు. మీరు ఫికర్ జెయ్యకుండ్రి."

"నాకేం ఫికరు? లోపల పోయినవి రెండు, బయట ఉన్నవి నాలుగు. ఇంకా నేనే లాభంలో ఉన్నాను."

ఒక శుక్రవారం ఆయన వెనక్కి తిరిగి, "ఏమోయ్, మా స్కూల్లో ఒక కుర్రాడుండేవాడు, ఎప్పుడూ చివరి బెంచీ. వాడికి నేనొక అన్యాయం చేశానోయ్. ఒకరోజు వాడు బోర్డు దగ్గరికొచ్చి..." అని మొదలుపెట్టారు.

"వచ్చి మిమ్మల్ని లెక్క అడిగాడాండీ? అది అన్యాయం కాదు మాస్టారూ, ప్రతీకారం," అన్నాను.

మాస్టారు పగలబడి నవ్వారు, దగ్గు వచ్చేదాకా. దగ్గు తగ్గాక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆ కుర్రాడు బోర్డు దగ్గరే నిలబడిపోయాడు. ఈనాటికీ అక్కడే ఉన్నాడు.

ఆ ఆదివారం సిస్టర్ నాతో ఇంజను స్టార్టు చేయించి, డిస్ట్రిబ్యూటరును వేలెడు పక్కకు తిప్పారు. ఇంజను టకటకమని, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు కొట్టుకుంది.

"ఏమయిందో చెప్పు?"

"తెలీదండి."

"నిప్పు ముందే పడ్డది. పిస్టన్ పైకి ఎక్కుతుండంగనే నెత్తిమీద గొట్టినట్టు. జరంత ముందు పడాలె, నిజమే, గాని ఇంత ముందు గాదు." డిస్ట్రిబ్యూటరును మళ్ళీ వెనక్కి తిప్పారు. చప్పుడు మెత్తబడింది. "నీ నోరు గూడ గిట్లనే, సారూ. ఎదుటోళ్ళ మాటను పైదాక రానియ్యవు. సగంల ఉండంగనే నీ జోకు పేలుతది. నవ్వొస్తది, కాదనను. ఆ మాట మాత్రం ఆడనే సచ్చిపోతది."

నా మీద వచ్చిన మొదటి సాంకేతిక నివేదిక అది. దానికీ ఒక జోకు వేశాను. ఏం వేశానో గుర్తులేదు, ముందే పేలి ఉంటుంది.

ఇక ఆ గురువారం. అంతకుముందు మంగళవారం ఆసుపత్రిలో మిషను పాడైందని మాస్టారిని వెనక్కి పంపేశారు. అప్పటికే ఆయన కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు. "శుక్రవారం తప్పొద్దు. తప్పితే ఒంట్ల నీళ్ళు నిండి ఊపిరాడదు," అన్నారు సిస్టర్ నాతో, మాస్టారికి వినబడకుండా. పైగా ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు కారు మధ్యమధ్య ఎక్కిళ్ళు పెట్టింది. గురువారం మా ఆఫీసులో కరెంటు పోయింది. జనరేటరు కూడా మనసు మార్చుకుంది. పదకొండింటికల్లా ఇంటికి పంపేశారు. సిస్టర్ డ్యూటీలో ఉన్నారు. షెడ్డు కింద కారు. ఆవిడ వచ్చేసరికి ఎక్కిళ్ళు మాన్పించి ఆశ్చర్యపరుద్దామని నాకొక దివ్యమైన ఆలోచన వచ్చింది.

టోపీ తీశాను. వైర్లన్నీ పీకి శుభ్రంగా తుడిచాను. టోపీ మీద నూనె మరకలతో నల్లబడ్డ ప్లాస్టరు ముక్కలు అసహ్యంగా కనిపిస్తే పెట్రోలు గుడ్డతో అవీ గీకి పారేశాను. దాన్ని కదలకుండా పట్టి ఉంచే క్లాంపు బోల్టు వదులు చేసి డిస్ట్రిబ్యూటరును పైకి లాగి, మెట్టు మీద పేపరు పరిచి, కూర్చోబెట్టి, దాని అందం చూసుకున్నాను. లోపల రవ్వ పుట్టించే రెండు చిన్న మొనలను గరుకు కాగితంతో రుద్ది తళతళలాడించాను. తిరిగి పెడదామని లేచినప్పుడు గుర్తొచ్చింది, గీత. రోజూ నకలు తీయకుండా ఒక్క కామా కూడా కదిలించని నేను, ఆవిడ చేతి గుర్తులన్నీ నా చేతులతోనే తుడిచేసి, కొత్త గుర్తు ఒక్కటీ పెట్టుకోకుండా కూర్చున్నాను.

ధైర్యం తెచ్చుకుని డిస్ట్రిబ్యూటరును దాని గూట్లో దించాను. చిన్నగా క్లిక్కుమని కూర్చుంది. హ్యాండిలు తిప్పి చక్రం మీది గీతను కలిపాను. లోపలి చేయి ఎటు చూపిస్తోందో అదే నంబర్ వన్ అనుకుని వైర్లు పెట్టాను. స్టార్టరు నొక్కాను. ఫట్టుమని పేలి, గాలి లోపలికి పోవలసిన దారిలోంచి పొగ బయటికొచ్చింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఫట్. షెడ్డంతా పచ్చి పెట్రోలు వాసన. మూడింటికి సిస్టర్ గేటు తీసుకుని వచ్చేసరికి బ్యాటరీ మూలుగుతోంది. నేను ఏ జోకూ తయారుచేసుకోలేదు.

ఆవిడ సంచీ మెట్టు మీద పెట్టారు. టోపీ చూశారు. ప్లాస్టరు ముక్కలు ఉండవలసిన చోటు చూశారు.

"గీత?"

"పెట్టలేదండి."

తిడతారనుకున్నాను. ఆవిడ రవికకు గుచ్చుకున్న గడియారం తిప్పి చూసుకున్నారు. పక్కింటి వైపు ఒకసారి చూశారు. మాస్టారు అరుగు మీద దిండ్లు ఎత్తుగా పెట్టుకుని వెనక్కి వాలి ఉన్నారు. పడుకుంటే ఊపిరాడటం లేదు. సిస్టర్ వెళ్ళి చేతులు కడుక్కొచ్చారు. ఒకసారి కాదు, రెండుసార్లు కడగడం నేను చూశాను. కోపమనుకున్నాను.

"బొటనవేలు తే," అన్నారు.

ప్లగ్గు విప్పి వేలు పెట్టాను. చక్రం మీద నేను కలిపిన గీత కలిసే ఉంది. ఆవిడ చక్రాన్ని చేత్తో కాస్త వెనక్కి తిప్పి, హ్యాండిలుతో మళ్ళీ ముందుకు తెచ్చారు. వేలికి ఏమీ తగల్లేదు. నేను నిప్పు పెట్టింది పొగ పోయే రాకకు, రెండోదానికి. ఇంకొక పూర్తి చుట్టు తిప్పారు. గాలి నా వేలిని నెట్టింది.

"వచ్చిందండి."

"ఇగో, గిది నంబర్ వన్. నువ్వు పెట్టినవన్నీ ఎదురుబొదురు. తియ్యి." ఒక్కొక్క వైరూ తీసి మళ్ళీ పెట్టించారు. "ఒకటి, మూడు, నాలుగు, రెండు. అట్ల గాదు, మీ గుళ్ళె తిరిగినట్టు కుడికి గాదు. ఉల్టా. ఎడమకు."

తర్వాత రెండు వైర్ల చివర చిన్న బల్బు కట్టి తగిలించారు. డిస్ట్రిబ్యూటరును మెల్లగా తిప్పుతూ పోతే, రవ్వ పుట్టవలసిన క్షణానికి బల్బు వెలుగుతుంది. అక్కడ ఆపి బోల్టు బిగించాలి. ఆవిడ తిప్పుతున్నారు, నేను బల్బును చూస్తున్నాను. సాయంత్రం ఎండ షెడ్డు కిందికి వాలింది. మా ఇద్దరి తలలూ బానెట్ కింద దగ్గరగా ఉన్నాయి. ఆవిడ గొంతు తగ్గించి, ఎవరితోనో కాకుండా ఇంజనుతో అన్నట్టు అన్నారు.

"ఆ పొద్దు గూడ గిదే బల్బు. ప్రభుదాసు గీ పక్క సీట్లనే కూసున్నడు. ముందు రోజు డిస్ట్రిబ్యూటర్ విప్పి పెట్టిండు, పొద్దుగాల..."

ప్రభుదాసు ఆవిడ భర్త. ముందు గదిలో ఫొటో ఉంది, దండతో. అంతకుమించి నాకు తెలియదు. పొద్దుటి నుంచి నోరు విప్పని భారం నా మీద ఉంది. అది ఒక్కసారిగా పేలింది.

"అయితే గీత పెట్టకుండా విప్పే జబ్బు ఈ ఇంటి మగాళ్ళందరికీ ఉందన్నమాటండీ!"

బల్బు వెలిగింది. ఆవిడ చేయి ఆగింది. కొంచెం నవ్వారు.

"ఆ. ఉన్నది," అన్నారు. బోల్టు బిగించారు.

బ్యాటరీలో సత్తువ లేదు కాబట్టి హ్యాండిలుతోనే లేపవలసి వచ్చింది. మూడో తిప్పుకు ఇంజను అందుకుంది. ఆవిడ స్టెతస్కోపు పెట్టి విని, తీసి నా చెవులకు తగిలించారు. లోపల నలుగురు మనుషులు వరసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు శ్రద్ధగా తలుపు తడుతున్నట్టు ఉంది. ఎవరూ తొందరపడటం లేదు. పక్కింటి అరుగు మీదినుంచి మాస్టారు, "ఎన్ని కాళ్ళోయ్?" అని కేకేశారు. "నాలుగండీ!" అన్నాను. మర్నాడు ఆరింటికి ఆయన సీట్లో ఉన్నారు, మధ్యాహ్నానికి చెప్పుల్లో కాళ్ళు పట్టాయి.

ఆ తర్వాత రెండుసార్లు అడిగాను, ఆ రోజు ఏదో చెప్పబోయారు కదండీ అని. "గదేం లేదు, పోనీ," అన్నారు. బోర్డు దగ్గర మాస్టారి కుర్రాడి పక్కన ఇప్పుడు ప్రభుదాసు కూడా నిలబడ్డాడు.

మాస్టారు ఆ చలికాలం దాటలేదు. మిషను తప్పి కాదు, నిద్రలో. ఆయన పోయాక కూడా మంగళవారం, శుక్రవారం ఆరింటికి కింద ఇంజను స్టార్టయ్యేది. కాసేపు నడిచి ఆగిపోయేది. గేటు తీసిన చప్పుడు మాత్రం వచ్చేది కాదు. నేను పైన మంచం మీద కళ్ళు తెరుచుకుని నాలుగు చప్పుళ్ళూ లెక్కపెట్టుకునేవాణ్ణి. దిగి వెళ్ళి ఉండవలసింది. వెళ్తే ఏదో ఒక జోకు వేస్తానని భయం.

వేసవిలో ఆవిడ ఉద్యోగానికి స్వస్తి చెప్పి, ఇల్లు బిల్డరుకిచ్చేసి, మెదక్ అవతల చర్చివాళ్ళ చిన్న మిషన్ దవాఖానలో పనికి కుదిరారు. వెళ్ళే రోజు ఉదయం కారు వెనక సీటు నిండా మూటలు, వాటి మీద కుట్టుమిషను. డ్రైవరు సీట్లో ఆవిడ. ఇంజను నడుస్తోంది. నా దగ్గర మూడు రోజులుగా సానబెట్టుకున్న జోకు ఒకటి ఉంది, కుట్టుమిషనుకు కూడా టైమింగు పెట్టాలేమోనని. నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ఎదురుగా గేటువైపే చూస్తున్నారు. లోపల లెక్కపెట్టుకున్నాను. ఒకటి, మూడు, నాలుగు, రెండు. మళ్ళీ ఒకటి.

"గా దినం చెప్తుంటి గద," అన్నారు. "ఆయన ముందు రోజు విప్పి పెట్టిండు. గీత పెట్టలే. నువ్వన్నది నిజమే. తెల్లారి ఛాతీల నొప్పి లేసింది. నేను నర్సును, గదేం నొప్పో నాకెర్కలేదా? ఆటో లేదు, ఫోన్ లేదు. గీ పక్క సీట్లనే కూసొని ఆయన చెప్తుండు, నేను బిగిస్తున్న. కాగితం కుక్కు, ఇంకో సుట్టు తిప్పు, ఒకటి, మూడు, నాలుగు... మస్తు సేపు చెప్పిండు. ఇగ చెప్పుడు బందు జేసిండు. నేను ఆలస్యం జేస్తున్ననని అలిగిండనుకున్న."

నేను కిటికీకి దగ్గరగా వంగాను.

"బండి స్టార్ట్ అయింది," అన్నారు సిస్టర్. "ఆయన కాలే."

ఇంజను నడుస్తూనే ఉంది. ఆవిడ నావైపు తిరిగారు. కళ్ళ కింద సన్నగా ఏదో కదిలింది.

"నవ్వు, సారూ. పర్వాలే. పదకొండేండ్ల సంది నేనొక్కదాన్నే నవ్వుకుంటున్న దీనికి."

నాకు నవ్వు రాలేదు. జన్మలో మొదటిసారి ఒకరి మాట పైదాకా రావడం చూశాను, వచ్చాక దానికి ఏం చేయాలో తెలియక తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ డాష్‌బోర్డు గూట్లోంచి చిన్న స్పానరు తీసి నా చేతిలో పెట్టారు. డిస్ట్రిబ్యూటరు క్లాంపు బోల్టుది.

"ఉంచుకో. నాకింకోటున్నది."

"మరి అక్కడ వేలెవరిదండీ?" అన్నాను. ఇంతకంటే పెద్ద మాట అడగడం నాకు చేతకాలేదు.

"కాగితం ఉన్నది గద," అన్నారు. గేటు దాటి కుడివైపు తిరిగారు. స్టేషను మలుపు దాకా నాలుగూ వినిపించాయి.

ఇప్పుడు నేను ఏది విప్పినా ముందు గీత పెడతాను, ఫ్యానైనా, మిక్సీ మూతైనా. ఎవరైనా గొంతు తగ్గించి ఏదో చెప్పడం మొదలుపెడితే లోపల ఒకటి, మూడు, నాలుగు, రెండు అనుకుంటాను. చాలామంది ఆ నాలుగు అంకెల్లోపే పూర్తిచేసేస్తారు. కొందరు చేయరు. అలాంటివాళ్ళ దగ్గర ఇంకో చుట్టు లెక్కపెడతాను. ఆఫీసులో నన్ను కాస్త మందకొడి అనుకుంటున్నారని విన్నాను.

మొన్న శనివారం ఆ వాసన రాగానే నేను చేసిన మొదటి పని పైకి పరిగెత్తడం. సొరుగులోంచి స్పానరు తీసుకుని, పేపరు చించి ఉండ చుట్టుకుంటూ, అవసరమైతే వేలూ ఉందని చెప్పడానికి మెట్లు దిగేసరికి, ఆ కారును తాడు కట్టి లాక్కుపోయారు. పెట్రోలు వాసన మాత్రం కొంచెం మిగిలింది. ఉత్త చేతులతో తిరిగొచ్చి కూర్చుంటే కుర్చీ ఊగింది. దాని కింద బోల్టు వదులై చాలా రోజులైంది. కాగితం ఉండ బల్ల మీద పెట్టి, ఉన్న స్పానరు పెట్టి చూశాను. స్పానరు అంగుళాల కొలత, ఏడు బై పదహారు. కుర్చీ బోల్టు మిల్లీమీటర్లలో పదో నంబరుది. పట్టదు.